చెట్టు కప్పల గదిలో నా జలపాతం

నేను రిటైరైన ప్రకృతి కేంద్రంలో ఇద్దరు కొత్తవాళ్లు పనిలో చేరుతున్నారట. వాళ్లకు పనికొచ్చేట్టు నాలుగు పేజీలు రాసివ్వమని, కేంద్రం నడిపే సునీత మేడం ఫోన్ చేశారు. "ఏ మోటారు ఎప్పుడు కొన్నామో రిజిస్టర్లో ఉంది, అది వద్దు. మీకు తెలిసింది రాయండి చాలు" అన్నారు. రిజిస్టర్ తీసేస్తే నాకు తెలిసింది ఎంత మిగులుతుందో నాకే అనుమానం. మిగిలినదాంట్లో పెద్ద ముక్క నేను చేసిన ఒక తప్పు. దాన్ని దాచి మిగతాది రాస్తే, అక్కడ కప్పల గది చూసుకునే లచ్చమ్మ నవ్వుతుంది. అందుకని అదే రాస్తున్నాను.

నీళ్లను తరిమే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి

మాది బొగ్గు బాయి కుటుంబం. మా నాయన బాయిలో పంపు ఆపరేటర్. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడి పారబోయడమే ఆయన జీవితం. నీళ్లు ఎక్కడ నిలిచినా ఆయనకు పడేది కాదు. మా క్వార్టర్ ముందు వాన నీళ్లు గుంటలో నిలిస్తే, అన్నం ముందు కూర్చున్నవాడు లేచివెళ్లి కాలితో కాలువ తీసి వచ్చేవాడు. నేనూ ఆ కాలువలు తీస్తూనే పెరిగాను. తర్వాత పంపు ఫిట్టర్‌నయ్యాను. చాలా ఏళ్లు పొలాల్లో మోటార్లు దించాను, ఎత్తాను. నలభై దాటాక దుమ్ముగూడెం దారిలో ఒక ట్రస్టు వాళ్లు పెట్టిన ఈ చిన్న ప్రకృతి కేంద్రంలో నీళ్ల పనికి కుదిరాను.

తాబేళ్ల మడుగు, పక్షుల తొట్లు, తోట పైపులు, పైన ట్యాంకు, అన్నీ నావే. వీటన్నిటికంటే చిన్నది చెట్టు కప్పల గది. రెండు మంచాలు పట్టేంత అద్దాల గది. నన్ను మనిషిని చేసింది అదే.

అందులోకి మొదటి కప్పలు అశ్వారావుపేట నుంచి వచ్చాయి. పామాయిల్ తోటల దగ్గర ఒకాయన ఇంట్లో చేపల తొట్టిలో చెట్టు కప్పల్ని పెంచుకున్నాడు. ఇల్లు మారుతూ ఏం చేయాలో తోచక మా గేటు దగ్గరికి తెచ్చాడు. సగం నీళ్లు నింపిన బకెట్‌లో, మీద పళ్లెం బోర్లించి. కప్ప కాబట్టి నీళ్లలో ఉండాలనుకున్నాడు పాపం. పళ్లెం తీయగానే ఆరు కప్పలు బకెట్ అంచుకు అతుక్కుని, నీళ్లకు వీలైనంత దూరంగా కూర్చుని ఉన్నాయి. నేనూ అప్పుడు ఆయనంత తెలివైనవాణ్ణే. చెట్టు కప్ప చెట్టు మీద ఉంటుందని పేరులోనే ఉన్నా నా బుర్రకు ఎక్కలేదు.

లచ్చమ్మ చేతులు

ఆ గది చూసుకోవడానికి లచ్చమ్మను పెట్టారు. చర్ల అవతల అడవి పల్లె. ఇంట్లో పోడు సాగు, ఎండాకాలంలో తునికాకు. ఆమె మా దగ్గర రోజు కూలీ మీద చేరింది. ఆ కూలీ మీదే కూతురు భద్రాచలం హాస్టల్లో ఉండి చదువుతోంది. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అన్నా అనేది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. పొద్దున రాగానే గదిలోకి పోదు. చేతులు ఉత్త నీళ్లతో మూడుసార్లు కడుక్కుని, ఆరనివ్వకుండా తడిగానే లోపలికి పోతుంది. ఆ గది పని ఉన్నన్ని రోజులు తలకు నూనె పెట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే, "తలకు రాస్తే చేతికి అంటదా అన్నా? చేతికున్నది దాని తోలుకు అంటది. కప్ప తోలుతోనే తాగుతది" అంది.

నేను నమ్మలేదు. వారం రోజులు గమనించాను. నిజమే. కప్ప నోటితో నీళ్లు తాగదు. లోతు లేని పళ్లెంలోకి దిగి, పొట్ట ఆనించి, కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. పొట్ట కింది తోలుతోనే పీల్చుకుంటుంది. తాగే నీళ్లలో ఏది కలిసినా తిన్నగా ఒంట్లోకే పోతుందన్నమాట. ఇంత సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఒక రోజు కూలీ మనిషి చెప్పింది. ఆ రోజే ఆమె పట్ల నాకు గౌరవం కలిగిందని రాయాలని ఉంది. కానీ అది అబద్ధం. "నాకు నీళ్ల గురించి చెప్తవా?" అని లోపల్లోపల ఉడుక్కున్నాను.

ట్యాంకు నీళ్లు ఆమె నేరుగా పట్టేది కాదు. క్లోరిన్ మందు వాసన పోవాలని ముందురోజే వెడల్పాటి డ్రమ్ములో పట్టి, మూత తీసి ఉంచేది. మర్నాడు మణికట్టు ముంచి, గది చల్లదనమూ నీటి చల్లదనమూ ఒకటైందనుకున్నాకే పోసేది. వాన పడితే పండగే. ఉన్న గిన్నెలన్నీ చూరు కింద పెట్టేది.

జలపాతం

ట్రస్టు పెద్దలు వానాకాలంలో చూడటానికి వస్తారన్నారు. కప్పల గదిలో ఏదైనా అందంగా చేయమని మేడం అడిగారు. నా చేతులు దురద పెట్టాయి. గోదావరి ఒడ్డు నుంచి నల్ల రాళ్లు ఏరి తెచ్చి మెట్లుమెట్లుగా పేర్చాను. పై రాయి పెదవిలా ముందుకు పొడుచుకొచ్చేట్టు పెట్టాను. కింద సిమెంటు తొట్టి, తొట్టిలో చిన్న మోటారు. నీళ్లు పైకెక్కి, ఆ పెదవి మీంచి అద్దంలా జారి తొట్టిలో పడేవి. స్విచ్ వేసిన రోజు సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు. మా నాయన బతికుంటే నీళ్లను బయటికి పంపకుండా మళ్లీ లోపలికే ఎందుకు తిప్పుతున్నావని తిట్టేవాడు.

లచ్చమ్మ చప్పట్లు కొట్టలేదు.

"మంచిగనే ఉందన్నా. కానీ గవి ఉరికే నీళ్లకాడికి రావు. నిలబడ్డ నీళ్లు గావాలె వాటికి. నీళ్ల మీదికి వంగిన కొమ్మ గావాలె."

"నిలబడ్డ నీళ్లంటే దోమలు చెల్లె."

"దోమల్ని తినేటోళ్లు గాళ్లే గదా."

అందరూ నవ్వారు. నాకు మాత్రం కాలింది. పంతానికి పోయి పగలూ రాత్రీ మోటారు ఆపలేదు. కప్పలు ఆ మూలకు రావడం మానేశాయి. అద్దం పైఅంచున, ఆ సందడికి ఎంత దూరం పోగలవో అంత దూరం పోయి, కళ్లు మూసుకుని అతుక్కుని ఉండేవి. వాటికి అలవాటు కావాలి అనుకున్నాను. నాలుగో వారంలో ఒక కప్ప చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం నా రాళ్ల వల్ల కాదని గట్టిగా వాదించాను.

నురగ

జూలైలో మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున్నే గదిలోకి పోయాను. పెద్దలు వచ్చేది ఆ మధ్యాహ్నమే. తొట్టి మీదికి వాలిన మనీప్లాంటు ఆకుకు పిడికిలంత తెల్లటి నురగ వేలాడుతోంది. జలపాతం తుంపర తగిలి కొంచెం కరిగి, తొట్టిలో కూడా నురగ ముక్కలు తేలుతున్నాయి.

పంపు పని చేసినవాడికి నురగ కనిపిస్తే రెండే సంగతులు తడతాయి. పైపు గాలి పీలుస్తుండాలి, లేదా నీళ్లలో సబ్బు కలిసి ఉండాలి. పైపు చూశాను, గాలి లేదు. ఇక సబ్బే. అద్దాలు కడిగేది లచ్చమ్మ. లెక్క తేలిపోయింది. పైపుతో ఆకు మీదున్న నురగను కొట్టేశాను, తొట్టి ఖాళీ చేశాను, బ్రష్షుతో రుద్ది అంతా మోరీలోకి పంపాను. బాయి మనిషి కొడుకుని కదా, పారబోయడం బాగా వచ్చు. తర్వాత పోయి మేడానికి చెప్పాను.

లచ్చమ్మ వచ్చేసరికి మేడం వరండాలో నిలబడి ఉన్నారు. మేడానిది మధిర వైపు, కోపమొచ్చినా గొంతు పెంచరు.

"లచ్చమ్మా, అద్దాలు సబ్బు పెట్టి కడిగావా? నిజం చెప్పు. మొన్నే ఒకటి చచ్చిపోయింది."

"సబ్బు నేను ముట్టలే మేడం."

"మరి నురగెక్కడిది? సత్తయ్యగారు కళ్లారా చూశారు."

లచ్చమ్మ నావైపు తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు, ఏదో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది.

"అన్నా, గా నురగ ఏడుండె? నీళ్ల మీదనా, ఆకు మీదనా?"

ఆమె అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. జవాబుకు ఒక్క మాట చాలు. ఆకు మీద అంటే అయిపోయేది. కానీ నన్ను నిలదీస్తోందనుకున్నాను. నేను కట్టిన జలపాతం చూడటానికి పెద్దలు వచ్చే వేళ, సిబ్బంది అంతా వింటుండగా.

"ఏడైతేంది? నురగ నురగే" అన్నాను.

మళ్లీ కబురు చేసేదాకా పనికి రావొద్దన్నారు మేడం. లచ్చమ్మ అన్నం టిఫిను తీసుకుని, గది తాళం బల్ల మీద పెట్టి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది. మధ్యాహ్నం పెద్దలు వచ్చి జలపాతం ముందు నిలబడి ఫోటోలు దిగారు. నేను కూడా దిగాను.

ఆమె లేని పదిరోజులు

కప్పల గది నాకే అప్పజెప్పారు. సబ్బులన్నీ నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. పదోరోజు మళ్లీ గట్టి వాన. పొద్దున పోయి చూస్తే, అదే ఆకుకు అదే నురగ.

ఈసారి పైపు అందుకోలేదు. చేయి తడి చేసుకుని (ఆమె చేసినట్టే) వేలితో ముట్టుకున్నాను. సబ్బు నురగ ముట్టుకుంటే చిట్లిపోతుంది. ఇది చిట్లలేదు. జిగటగా, గుడ్డులో తెల్లసొన గిలకొట్టినట్టుగా ఉంది. టార్చి వెలుగు వెనక నుంచి పట్టి చూశాను. లోపలంతా ఆవగింజలంత లేత పసుపు గుడ్లు. పై కొమ్మ మీద ఆడకప్ప వెనక కాళ్లకు ఇంకా నురగ అంటుకునే ఉంది. నిలబడ్డ నీళ్లు వేరే దొరక్క, మోటారు సందడికి ఓర్చి ఆ మూలకే వచ్చి, అది ఆ కాళ్లతోనే గిలకొట్టి, గుడ్లు ఎండిపోకుండా ఆ నురగలో దాచిపెట్టి, అలసిపోయి కూర్చుంది.

పదిరోజుల కింద నేను మోరీలోకి కొట్టింది ఏమిటో అర్థమైంది. ఆ ఆడకప్ప పనితనం చూసి మనసు నిండిపోయింది, నన్ను చూసుకుంటే చచ్చేంత సిగ్గేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం మంచి అనుభవం కాదు. కూతుర్ని చదివించుకుంటున్న మనిషి పని పోగొట్టాను నేను.

మేడం దగ్గరికి పోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆకు మీదా నీళ్ల మీదా అని ఆమె అడిగినప్పుడు నేనైనా మిమ్మల్ని అడగాల్సింది సత్తయ్యగారూ. నా తప్పు కూడా ఉంది. వెళ్లి తీసుకురండి" అన్నారు. పై ఉద్యోగంలో ఉన్నవాళ్లు నా తప్పు అనడం నేను మొదటిసారి విన్నది ఆ రోజే. ఇన్నేళ్లలో ఎంతోమంది కింద పని చేశాను. ఆ ఒక్క మాటకు ఆమెను వాళ్లందరికంటే పైన పెడతాను.

చర్ల దారి

బండి మీద బయల్దేరాను. చర్ల దాటాక పోలీసు క్యాంపు దగ్గర ఆపారు.

"ఎక్కడికి? ఏం పని?"

"కప్ప గుడ్ల సంగతి మాట్లాడనీకి పోతున్న సార్."

కానిస్టేబుల్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. బండి డిక్కీ తెరిపించాడు. అందులో నా పానా, టేపు చుట్టలు తప్ప ఏమీ లేవు. "పో పో" అన్నాడు. వెనక ఇంకొకడు నవ్వడం వినిపించింది.

లచ్చమ్మ చేలో కలుపు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. గట్టు మీద నిలబడి, దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మర్చిపోయి, "ఆకు మీదుండె చెల్లె" అన్నాను.

ఆమె కొడవలి కింద పెట్టింది.

"గప్పుడే తెలుసు నాకు. మా ఇంటెన్క నీళ్ల బాయి మీద వానాకాలమొస్తే గట్లనే నురగ పెడ్తయ్. మా అమ్మ గా మూలకు బొక్కెన దింపనియ్యకపోయేది."

"తప్పయింది. కడిగేసిన."

"కడిగినవని గూడ తెలుసు. లేకుంటే సూపియ్యవా?"

"మళ్లొకటి పెట్టింది. నిన్న రాత్రే."

అప్పటిదాకా నింపాదిగా ఉన్న మనిషి చటుక్కున లేచి నిలబడింది. తన పని గురించి ఒక్క మాట అడగలేదు.

"నీ పంపు నడుస్తుందా?"

"నడుస్తుంది."

"అయ్యో, ముందు గా పంపు బందు చెయ్యి! తుంపరకు నురగ కరిగిపోతది. మిగిలినా మూణ్నాలుగు రోజుల్ల పిల్లలు నీళ్లల్ల పడ్తయ్. పడ్డయి పడ్డట్టు నీ మోటారు గుంజుకుంటది."

నా ఫోన్లో సిగ్నల్ లేదు. "బండెక్కు" అన్నాను.

"ఎక్కుత. గానీ ఒక్కటి. గా నురగ ఏడుండెనో, గా రోజు ఎవలెవల ముంగట నన్ను అన్నవో, గాళ్లందరి ముంగట చెప్పాలె. చెప్తవా?"

"చెప్త."

చర్లలో సిగ్నల్ రాగానే మేడానికి ఫోన్ చేశాను. "మేడం, ఇప్పుడే పోయి జలపాతం బందు చేయండి."

"ఏంటి సత్తయ్యగారూ, మీరేనా ఆ మాట అంటోంది?" అన్నారు మేడం.

వరండాలో సిబ్బందిని నిలబెట్టి చెప్పాను. నాలుగు వాక్యాలే. లచ్చమ్మ వినేసి, తాళం తీసుకుని, చేతులు మూడుసార్లు కడుక్కుని గదిలోకి పోయింది. నన్ను క్షమించిందా అని అడగలేదు. అడిగే మొహం లేదు నాకు.

మోటారు నేనే పీకి బయట పెట్టాను. తొట్టి నీళ్లు తీసేసి, ఆమె పట్టిన వాన నీళ్లు మెల్లగా పోశాం. నాలుగోరోజు పొద్దున పిలిచింది. నురగ అడుగు తడిసి మెత్తబడింది. అందులోంచి ఒక నల్లటి చుక్క జారి నీళ్లలో పడింది. తోక ఆడించింది. తర్వాత ఇంకొకటి. ఇద్దరం టీ చల్లారిపోయేదాకా లెక్కపెట్టి, మధ్యలో తప్పి, మళ్లీ మొదలుపెట్టాం. సంతోషం పట్టలేక నేను కళ్లు తుడుచుకున్నాను. లచ్చమ్మ చూసి, చూడనట్టు మళ్లీ లెక్కలో పడింది.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇక మీ పని. తాగే పళ్లెం లోతు కప్ప గడ్డం దాటకూడదు. రోజూ మార్చాలి, ఎందుకంటే అది కూర్చునేదీ, తాగేదీ, పాడుచేసేదీ అందులోనే. ట్యాంకు నీళ్లు ఒక రోజు ఆరుబయట నిలవనిచ్చాకే వాడండి. గుడ్లు పెట్టే తొట్టి వేరు. అందులో నీళ్లు నిలకడగా ఉండాలి, మీదికి ఒక కొమ్మో ఆకో వంగి ఉండాలి. తొట్టికి ఒక పక్క రాళ్లతో వాలు కట్టండి. తోక కప్పకు కాళ్లొచ్చి ఒడ్డెక్కే వారంలో ఆ వాలు లేకపోతే నీళ్లలో పుట్టినవే నీళ్లలో మునిగి చస్తాయి. నేను చూశాను, మీరు చూడొద్దు. మోటారు పెట్టక తప్పకపోతే దాని నోటికి స్పాంజి కట్టండి.

ఇంట్లో పెంచుకుంటామని అడిగేవాళ్లు వస్తుంటారు. అడవిలోంచి పట్టుకెళ్లొద్దని చెప్పండి. వానాకాలంలో వాళ్ల బాత్రూముకు కప్ప దానంతటదే వస్తుంది, ఉన్నన్నాళ్లు చూసుకోమనండి.

ఇంకో సంగతి. మీ కింద పనిచేసేవాళ్లు ఒక ప్రశ్న అడిగితే, జవాబు చెప్పండి. అందులో మీకు పోయేదేమీ లేదు.

ఆఖరి రోజు

ఆ తర్వాత ఎనిమిదేళ్లు పనిచేశాను. లచ్చమ్మ ఇప్పుడు ఆ గదికి ఇన్‌ఛార్జి. కూతురు నర్సింగ్ చదువుతోంది. నా రాళ్లను తీసేస్తానని రెండు మూడుసార్లు అన్నాను. "ఉండనియ్యి, ఏమంటున్నయ్ నిన్ను?" అనేది ఆమె. రాళ్లు ఎండిపోయి, నాచు పట్టి, మూలన ఉండిపోయాయి. మోటారును మాత్రం దానిచోట మళ్లీ బిగించారు. వేసవిలో స్కూలు పిల్లలు వస్తే ఎప్పుడైనా పది నిమిషాలు నడిపేవాళ్లం.

రిటైరైన రోజు పొద్దున ముందురాత్రి వానకు నేలంతా తడిగా ఉంది. శాలువా, లడ్డూలు పదకొండింటికి. ఎనిమిదింటికే లచ్చమ్మ గది గుమ్మంలోంచి పిలిచింది.

"అన్నా, ఇటు రా. నురగుంది."

"ఏడుంది?" అన్నాను. అడగడం అప్పటికి బాగానే అలవాటైంది.

"నువ్వే సూడు."

ఆకుల మీద లేదు. కొమ్మ మీదా లేదు. కొసకు నా జలపాతం వైపు చూశాను. అన్నిటికంటే పైనున్న రాయి, నేను గోదావరి ఒడ్డున ఒక రోజంతా వెతికి తెచ్చిన రాయి, నీళ్లు జారాలని ముందుకు పెట్టిన ఆ పెదవి కింద, పిడికిలంత నురగ. కింద తొట్టిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"మంచి జాగ జూసి కట్టినవన్నా. నడవకుంటే సాలు" అంది లచ్చమ్మ.

చాలాసేపు నవ్వుకున్నాం. ఆమె లడ్డూల ఏర్పాటు చూడటానికి పోయాక, నేను స్విచ్ బోర్డు దగ్గరికి పోయాను. స్విచ్ కట్టేసే ఉంది. అయినా మనసొప్పలేదు. పెద్దలు వచ్చే రోజు, ఎవరికి ఏం బుద్ధి పుడుతుందో. మోటారు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. శాలువా కప్పేటప్పుడు కూడా అది జేబులోనే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల దగ్గర ఉంది. కొత్తవాళ్లు ఎవరైనా వచ్చి అడిగినా ఇవ్వను.